మూలానికీ మూలకీ మధ్య

మొన్న పొద్దున మా మనవరాలు వసారాలో కూర్చుని వర్గ సమీకరణాలంటూ పైకి చదువుతుంటే, చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. బడి మెట్టెక్కని నాకు ఆ మాట ఎలా తెలుసునంటారేమో, అంతా మా వారి చలవే.

నేను కాపురానికి వచ్చేనాటికే ఆయన మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి ఉన్నారు, రెండుసార్లూ లెక్కల్లోనే. ఈసారీ తప్పితే ఇంగ్లీషు పుస్తకాలు అటకెక్కించి తనతో పౌరోహిత్యానికి రావలసిందేనని మామగారు తేల్చి చెప్పేశారు. రాజమహేంద్రవరంలో బడిపంతులు కావాలని ఈయన ఆశ. ఆయన చెప్పగా చెప్పగా అది నాకూ అంటుకుంది.

ఒకనాడు వాకిట్లో నేను ముగ్గు పెడుతుంటే, ఈయన వచ్చి నా చేతిలో పిండి తీసుకుని నేలమీదే లెక్క వేశారు. భుజమెంతో తెలియని చదరం ఒకటి, దానికి పక్కనొకటీ కిందొకటీ మూడేసి గళ్ళ వెడల్పున రెండు పట్టీలు, అంతా కలిపి పదహారు గళ్ళు. దీనికి వర్గమూలం ఎలా తియ్యాలో తెలియక తల పట్టుకున్నారు. మూలమంటే మూల కాబోలనుకున్నాను నేను.

“మూల కోసం అంత వెతకడమెందుకండీ, అదిగో, ఆ కింద ఖాళీగా ఉందిగా!”

ఆయన ఫక్కున నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయారు. ఖాళీ మూలకి మూడు మూళ్ళు తొమ్మిది. అది పూడ్చి పదహారుకి కలిపితే ఇరవై అయిదు, అంటే పెద్ద చదరానికి భుజం అయిదు, అందులో పట్టీ మూడూ పోతే రెండు, అదే మొదటి చదరం భుజం. పంతులుగారు ఏడాది పొడుగునా మొత్తుకున్నది ఇదేనటే అని ఆయన చిన్నపిల్లాడిలా గంతులేస్తుంటే, లోపలినుంచి అత్తగారు దెప్పారు.

“ఏంట్రా, పెళ్ళాం పెట్టిన ముగ్గు తొక్కితే పాసు చేసేస్తారా నిన్ను?”

కాలువ పడవెక్కి వెళ్ళి పరీక్ష రాసి వచ్చారు. లెక్కల్లో గట్టెక్కారు, ఇంగ్లీషులో పోయింది. ఒకటి పోతే అన్నీ పోయినట్టే ఆ రోజుల్లో. మర్నాడు మామగారు పంచాంగం తెచ్చి కొడుకు చేతిలో పెట్టారు, అంతే.

ఆ తరవాత ఆయన బతికినన్నాళ్ళూ ఊరంతా ముహూర్తాలడిగింది, తిథులడిగింది. అంత కష్టపడి అర్థం చేసుకున్న ఆ లెక్క చెప్పమని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఇప్పటి పిల్లలు తప్పితే మళ్ళీ కూర్చుంటారు, నచ్చకపోతే ఇంకో చదువుకి మళ్ళుతారు. వాళ్ళ పరుగు చూస్తుంటేనే నాకు ఆయాసం. అయినా సంతోషమే. మా వారు పొలిమేర దాటకుండానే అలిసిపోయారు, ఆయన వెనకాల నేనూను.