బరువైన దుర్భిణి

మొన్న మా మనవరాలు పక్షుల్ని చూడటానికి దుర్భిణి కొనుక్కుంటూ, "పది రెట్లు చూపించేది కొననా అమ్మమ్మా, ఎనిమిది రెట్లదా?" అని ఫోను నా ముఖం ముందు పెట్టింది. "ఎనిమిది చాలు," అన్నాను. ఎనభై దాటిన ముసలిదానికి ఈ సంగతులెలా తెలుసని అది నోరెళ్ళబెట్టింది. చెప్పడం మొదలుపెడితే మధ్యలో లేచిపోయే రకం కాబట్టి మీకు చెబుతున్నాను.

అరవైల నాటి మాట. గుంటూరు దగ్గర మిరప పండించే ఇంటికి కోడలిగా వెళ్ళిన రెండో ఏడు, మా మామగారు ఎడ్లబండి మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. అసలే ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. అన్నం తింటూ కూడా రెండుసార్లు లేచి ఆకాశం చూసొచ్చేవారు. అలాంటి మనిషిని నలుగురు మోసుకెళ్ళి డాబా మీద పడక కుర్చీలో కూర్చోబెట్టారు. ఊరి చివర కళ్ళంలో ఎండబోసిన కాయలు అక్కణ్ణుంచి ఎర్రటి దుప్పటి పరిచినట్టు కనిపించేవి తప్ప, పనిచేసే మనుషులు కంటికి ఆనేవారు కాదు. ఇక నా కాళ్ళకి చక్రాలే. "అమ్మాయ్, తూర్పున ఆ మబ్బేంటి? పట్టాలు కప్పమని కబురు చెయ్యి!" "అమ్మాయ్, రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారా, కబుర్లు చెప్పుకుంటున్నారా?" అంటూ గంటకి పదిసార్లు మెట్లెక్కించేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ ఆయన భయం నాకు తెలుసు. "ఇట్టా అయితే వచ్చే ఏడు పొలం కౌలుకిచ్చేద్దాం నాన్నా," అని మావారు అప్పటికే రెండుసార్లు అన్నారు.

కూర్చున్నచోటు నుంచే వ్యవసాయం చూసుకోగలనని నిరూపించాలని మామగారు దుర్భిణి కావాలని పట్టుబట్టారు. మావారు గుంటూరులో పాత సామాన్ల దుకాణం నుంచి రెండు తెచ్చారు, నచ్చింది ఉంచుకుని రెండోది తిరిగిచ్చే ఏర్పాటు మీద. ఒకటి మిలట్రీ వాళ్ళు వాడింది, తగిలించుకుంటే మెడ వంగిపోయేంత బరువు. రెండోది అరచేతిలో పట్టేది. మామగారు కళ్ళకి పెట్టుకోకముందే రెంటినీ చెరో చేత్తో తూచి చూశారు. మిరపకాయలైనా పత్తయినా జన్మంతా బరువు చూసి అమ్మిన మనిషి మరి. "సరుకంటే ఇదీ. ఆ రెండోది తాలు," అని పెద్దదాన్ని ఎత్తుకున్నారు.

కాసేపటికి ముఖం చిట్లించి, "కళ్ళంలో ఆడాళ్ళు అట్టా ఊగిపోతున్నారేందమ్మా? గాలేమన్నా లేచిందా?" అన్నారు. ఆకు కదలడం లేదు. నేను తీసుకుని చూశాను. ఆడవాళ్ళు నింపాదిగా కూర్చుని కాయలు ఏరుతున్నారు. తిరిగి ఇవ్వబోతూ ఆయన చేతులవైపు చూశాను. వణుకుతున్నాయి. ఎన్నాళ్ళ నుంచో తెలియదు. నేను చూశానని కనిపెట్టి, ఆయన రెండు చేతులూ పంచె మడతల్లో దాచేశారు. సరిగ్గా అప్పుడే మావారు మెట్లెక్కి వచ్చి, "ఏం నాన్నా, కనబడుతోందా?" అన్నారు.

ఆయన పంచెలోంచి చేతులు తియ్యలేదు. నేనే, "ఈ పెద్దది పాడైపోయిందండీ. నాకూ అంతా ఊగుతోంది. చిన్నదే నయం," అని, మావారు చెయ్యి చాపేలోపే దాన్ని పెట్టెలో పెట్టి మూతేశాను. మామగారు చిన్నదాన్ని అందుకుని, మోచేతులు కుర్చీ చేతులకి ఆనించి చూశారు. అందులో కళ్ళం పెద్దదాంట్లోలా మరీ దగ్గరికి రాదు కానీ ఊగడమూ తక్కువే. చాలాసేపు చూసి, "ఒరేయ్, ఉత్తరం మూల పట్టా మీద రాళ్ళు పెట్టలేదు. గాలొస్తే లేచిపోద్ది. ముందది చూడు పో!" అని కొడుకు మీద కేకేశారు. మావారు గబగబా మెట్లు దిగిపోయారు. కౌలు మాట మరో మూడేళ్ళు ఎత్తలేదు.

మర్నాడు పొద్దున కాఫీ తీసుకెళితే, "నీకు నిజంగా ఊగిందా అమ్మాయ్?" అని అడిగారు. "ఊగింది మామయ్యగారూ," అన్నాను. ఆయన గ్లాసు రెండు చేతులా అందుకుని, "రేపట్నుంచి సగం గ్లాసే పొయ్యమ్మా, తొణక్కుండా ఉంటది," అన్నారు. ఆయన ఇంట్లో ఇంకెవరికీ ఆ మాట చెప్పలేదు. ఈ మధ్య నా చేతులూ నా మాట వినడం లేదు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకెంత ధైర్యం కావలసివచ్చిందో అర్థం కావడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది.