నాలుక వాటా

బిష్కెక్ పట్నానికి దూరంగా కొండల్లో ఉన్న అత్-బాషి సంతలో గొర్రె తలలు కాల్చేవాళ్లు చాలామందే ఉన్నారు. అయినా పెళ్లికో చావుకో తల కావాలంటే జనం బురుల్చాను వెతుక్కుంటూ వస్తారు. ఆమె చేతిలో పడ్డ తలకు ఒక్క వెంట్రుక మిగలదు, ఎక్కడా తోలు చిట్లదు. మంట గొట్టంతో బొచ్చు కాల్చి, కత్తితో గీకి, దవడ విడదీసి, నాలుక పైకెత్తి కింద కూడా కడుగుతుంది. ఉమ్మి గ్రంథులు చెవి కింద ఒకటి, దవడ వంపులో ఒకటి, నాలుక కింద సన్నగా పొడుగ్గా ఇంకొకటి ఉంటాయి. రెండు వైపులా వాటిని వేలితో తడిమి పట్టుకుని, కోసి కుక్కకు పడేస్తుంది. పెద్దల పళ్లెంలో గ్రంథి కనిపించిందంటే ఆ ఇంటి కోడలి పరువు పోయినట్టే. ఇంట్లో పులుసుకైతే గొడ్డలితో నుదురు చీల్చి, కళ్లపైన, ముక్కు వెనక ఉండే బోలు గదుల్లో నీళ్లు కొడుతుంది. వేసవంతా తుమ్మిన గొర్రె అయితే వాటిలోంచి బలిసిన పురుగులు జారిపడతాయి. ఆమెకు వాటిని చూసినా అసహ్యం లేదు.

ఇంత పనిమంతురాలికి ఊరు పెట్టిన పేరు మాత్రం నోట్లో నాలుక లేని పిల్ల అని. ఉంటే ఊరుకునేవాళ్లా? భర్త వైపు పెద్దల పేర్లు పలకకూడదు, వాళ్ల ముఖంలోకి సూటిగా చూడకూడదు, అడగనిదే మాట్లాడకూడదు. ఇన్ని కాపలాలు పెట్టి, పిల్ల మెత్తనిదని మెచ్చుకోవడం ఒకటి!

ఆమె అతా అని పిలిచే మామగారు ఎసెన్‌గుల్ ఇందుకు పూర్తిగా వేరు. పశువుల సంతలో మధ్యవర్తి. అమ్మేవాడి చేయీ కొనేవాడి చేయీ కలిపి పట్టుకుని, ఇద్దరూ నవ్వి సరేననేదాకా ఊపుతూనే ఉండేవాడు. సంతకంతటికీ తలలో నాలుక ఆయన. ఆ నాలుక కింద ఎప్పుడూ చిటికెడు నస్ ఉండేది. ఆకుపచ్చటి ఆ పొగాకు పొడి అక్కడి మగాళ్ల జేబుల్లో తాళంచెవుల్లా ఉంటుంది.

"మా కోడలు మాట్లాడిందా, తొట్టిలో గొర్రె తల మాట్లాడిందా అని చెవులు రిక్కించి వినాలిరా!" అని ఏడిపించేవాడు. బురుల్చా తలగుడ్డ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేది. ఆ మంట గొట్టం కొనిచ్చింది ఆయనే. అత్త బూబుకాన్ సణుగుతుంటే, "దాని చేతికీ నాలుగు రాళ్లు రానియ్యవే" అన్నాడు. కన్నతండ్రి కూడా తన కోసం అంత మాట అనలేదని ఆమెకు తెలుసు.

ఆకులు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం, భోజనానికి ముందు ఆమె ఆయన చేతుల మీద నీళ్లు పోస్తోంది. ఎవరో ఏదో అంటే ఆయన తల వెనక్కి వేసి నవ్వి, నాలుక పైకెత్తి, నస్ ముద్దను వేలితో తీసి పారేశాడు. చూడకూడదు, కానీ చూసింది. నాలుక కింద పల్చటి గులాబీ తోలు ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది. దాని అంచు కాస్త లేచి ఉంది. కొన్ని వేల నాలుకలు ఎత్తి చూసిన మనిషికి అలాంటిది ఎక్కడా కనబడలేదు.

ఆ సాయంత్రమే భర్త మెదెర్ చెవిన వేసింది. "అతా నాలుక కింద తెల్లగా ఏదో ఉందయ్యా. మామూలుగా లేదు."

"మా నాన్న నోట్లోకి తొంగి చూశావా?"

"చూళ్లేదు, కనబడింది."

"నస్‌కి కాలుంటుందిలే. ఇంక ఊళ్లో మగాళ్లందరి నోళ్లూ చూసొస్తావా ఏంటి?" అని నవ్వి అటు తిరిగి పడుకున్నాడు.

అత్తకు చెబితే ఇంకా బాగా వాతపెట్టింది. "నా మొగుడి నోరు నేను చూసుకోలేనా? పళ్లెం మోసేదానివి పళ్లెం మీద చూపుంచుకో."

బురుల్చా నోరు కట్టేసుకుంది. ఆయనకే చెప్పొచ్చు కదా అని మనం అనుకుంటాం. ఆ ఇంట్లో కోడలిగా గుమ్మం దగ్గర నిలబడి ఉంటే అప్పుడు తెలుస్తుంది.

చలికాలం వచ్చేసరికి అన్నం ముందు కూర్చుంటే చాలు, ఎసెన్‌గుల్ దవడ కింద కోడిగుడ్డంత ఉబ్బేది. పుల్లటి ఎండు పెరుగు ఉండ బుగ్గన పెట్టుకుంటే కాసేపటికి నోట్లోకి ఉమ్మి ఒక్కసారిగా చిమ్మి వాపు తీసేసేది. ఆయన పిల్లాడిలా సంబరపడ్డాడు.

"ఉమ్మి దారిలో రాయి పడిందర్రా! ముసలి పొట్టేళ్లకు పడదూ? కావాలంటే కోడల్నడగండి."

అందరూ ఆమె వైపు తిరిగారు. ముసలి గొర్రెల గ్రంథుల్లో బార్లీ గింజంత రాళ్లు ఆమెకు దొరికిన మాట నిజమే. ఆమె తలూపింది. ఇన్నాళ్లకు ఆ ఇల్లు ఆమెను ఒక సంగతి అడిగితే, చెప్పాల్సింది మింగేసి తలూపింది. ఆ ఊపుతో అందరికీ నిశ్చింత చిక్కింది. నాలుక కింద మంట పెడితే ఆయన ఇంకాస్త నస్ అద్దుకునేవాడు. నస్ ఆ చోటును తిమ్మిరెక్కించేది. నొప్పి తెలియకపోతే జబ్బు తగ్గినట్టే లెక్క.

మంచు కరిగేనాటికి వాపు దిగడం మానేసింది. ఆయన మాట ముద్దగా వస్తోంది. సంతలో బేరాలు వేరేవాళ్ల చేతుల్లోకి పోతున్నాయి. ఒక రోజు అందరూ తింటుండగా బురుల్చా టీ కెటిల్ కింద పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది.

"అతా, ఒక్కసారి నోరు తెరవండి."

బూబుకాన్ చేతిలో రొట్టె ఆగిపోయింది. "సిగ్గు లేదూ నీకు? లే అక్కణ్నుంచి!"

"ఉండవే," అన్నాడు ఎసెన్‌గుల్. "కోడలు నన్నూ కాల్చి గీకుదామనుకుంటోంది. కానియ్, చూడమ్మా."

ఒక వేలు నాలుక కింద, రెండో చేయి దవడ కింద పెట్టి నొక్కింది. గొర్రెలోనైతే ఆ గ్రంథి మెత్తగా వేళ్ల మధ్య జారిపోతుంది. ఇది ఎముకను పట్టుకుని కదలడం లేదు. వేలికి నెత్తురంటింది.

"ఇది రాయి కాదు, అతా."

"మరేంటి?"

"తెలీదు. నా చేతికి ఎప్పుడూ తగల్లేదు. పట్నం పోదాం."

బిష్కెక్ ఆసుపత్రిలో సగం నాలుకా, దాని కింది కండా, ఆ వైపు గ్రంథులూ తీసేశారు. ఆ తర్వాత క్యాన్సర్ చావడానికి కరెంటు పెట్టారు. దాంతో మిగిలిన గ్రంథులూ ఎండిపోయి, నీళ్లు లేనిదే ముద్ద దిగడం మానేసింది. మాట అసలే పోయింది. ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ ఆయన మంచం పక్కనే నిలబడి చెప్పింది. "ఆకులు రాలేటప్పుడు తెచ్చుంటే చిన్న ముక్కతో పోయేది. రెండో వైపు మెడ తడుముతూ ఉండండి. అక్కడ కూడా గట్టిగా లేచిందంటే ఇంక నేను చెయ్యగలిగింది లేదు."

మెదెర్ తల దించుకున్నాడు. బురుల్చా వైపు చూడలేకపోయాడు. ఎసెన్‌గుల్ మాత్రం కోడలి వైపే చూశాడు. తను అప్పుడే చూసిన సంగతి ఈయనకు తెలుసా అనుకుందామె.

ఎండాకాలంలో, ప్రాణంతో తిరిగొచ్చినందుకు గొర్రెను కోసి చుట్టాల్ని పిలిచారు. తల బురుల్చాయే కాల్చింది, గీకింది, గ్రంథులు తీసింది. చీల్చని తలను ఉడికించి ఇంటికి పెద్దయిన ఎసెన్‌గుల్ ముందు పెట్టారు. ఆయన మెడకు శాలువా చుట్టుకుని, కత్తి తీసుకుని, చెవి కోసి మనవడికిచ్చాడు. కుట్టుపని బాగా వస్తుందని అంగిలి మనవరాలికిచ్చాడు. తర్వాత నాలుక కోశాడు. నోరు పెరుగుతుందని ఆడపిల్లలకు గాని కోడళ్లకు గాని దాన్ని ఎన్నడూ పెట్టరు. ఆయన దాన్ని ముక్కలు చెయ్యకుండా గుమ్మం దగ్గర టీ పోస్తున్న బురుల్చా వైపు చాపాడు.

"నాన్నా, దానికా?" అన్నాడు మెదెర్.

"మతి కూడా కోసేశారా ఏంటి?" అంది బూబుకాన్. చుట్టాలు నవ్వారు.

ఎసెన్‌గుల్ చేయి దించలేదు. బురుల్చా వచ్చి పక్కన కూర్చుని రెండు చేతులా అందుకుంది. ఇది తనకు శిక్షేననుకుంది. చూసి చెప్పని నోటికి, అడిగితే తలూపిన తలకి తగిన వాటా. కన్నీళ్లు కారుతుంటే నమిలింది. గొంతు దిగలేదు.

అప్పుడాయన శాలువా వదులు చేసి, ఆమె చేయి పట్టుకుని, కోత పడని వైపు దవడ కింద పెట్టాడు. ఆమె వేళ్లకు గట్టిగా తగిలింది. నొక్కితే కదల్లేదు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. ఎన్నాళ్లుగానో తనే తడుముకుంటున్నాడు. నవ్వుతున్న భార్యనూ, వోడ్కా పోస్తున్న కొడుకునూ ఒకసారి చూసి, వేలితో కోడలి పెదవులు తాకి, వాళ్ల వైపు చూపించాడు. వాళ్లకు చెప్పడానికి ఆయనకు మాట లేదు.

బురుల్చా నోట్లోది మింగింది.

"అపా," అంది అత్తతో, అందరికీ వినబడేలా. "అతాకు రెండో వైపు కూడా వచ్చింది."

ఎవరూ ఆమెను కసరలేదు. ఎసెన్‌గుల్ తలూపాడు.