బొమ్మ కూడా చెప్పండి

మా సోషల్ టీచర్ పోయారన్న కబురు నాకు ఫోటోగా వచ్చింది. హైస్కూలు పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో పెట్టారు. నాకు పుట్టుకతో చూపు లేదు. అక్షరాలైతే నా ఫోన్ పైకి చదువుతుంది, నేను వింటాను. ఆ పొద్దున మాత్రం "ఫోటో" అని ఊరుకుంది. వెంటనే వరసగా "ఓం శాంతి", "ఓం శాంతి" అని మొదలుపెట్టింది. ఎవరో పోయారు. ఎవరు? ఎవరండీ అని అడిగితే ఒకడు "పైన ఉందిగా, చూడు" అని పెట్టాడు. ఒళ్లు మండిపోయింది. మిరపకాయల కళ్లం నుంచి అమ్మ వచ్చి, చేతులు కడుక్కుని, చదివి చెప్పేదాకా ఆవిడ లేరని నాకు తెలీదు.

ఆవిడ ఇన్నేళ్లూ పోట్లాడింది ఈ ఫోటోల మీదే.

నేను తొమ్మిదిలో ఉండగా పాఠాలు ఫోన్లకెక్కాయి. మిగతా టీచర్లు పేజీని ఫోటో తీసి గ్రూపులో పడేసేవాళ్లు, డిజిటల్ పాఠం అయిపోయేది. నా ఫోన్ వాటికి నోరు విప్పదు. మా సోషల్ టీచర్ ఒక్కరే పాఠమంతా ఒంటి వేలితో టైపు చేసి పంపేవారు. పెదకాకాని నుంచి వచ్చే బస్సులో నిలబడి కూడా చేసేవారట. బొమ్మ వచ్చిన చోట "బొమ్మ చెప్తున్నా, విను" అని రాసి, అందులో ఏముందో అంతా చెప్పేవారు. "నేను సగం చెప్పి వదిలేస్తే ఊరుకోకే. అడిగి చంపు" అనేవారు.

మ్యాపులైతే అట్ట మీద అంటించేవారు. సరిహద్దులకు మిరప తొడిమలు, నదులకు నూలు దారం, ఊళ్లకు పత్తి గింజలు. నా వేలు పట్టుకుని "ఇదిగో, ఈ గింజే గుంటూరు. మనూరికి గింజ పట్టదు, ఏమీ అనుకోకు" అని నవ్వేవారు. నేను తుమ్ముతూ ఉంటే, "ఆ చెయ్యి కళ్లల్లో పెట్టుకోకు తల్లీ, చూపెటూ లేదు, కొత్తగా మంటొకటా" అనేవారు. అంత చొరవగా నన్ను ఏడిపించిన మనిషి ఇంకొకరు లేరు.

ఒకసారి మండలంలో మీటింగుకి నన్నూ వెంటబెట్టుకెళ్లారు. "ఒక్క పిల్ల కోసం అన్ని పాఠాలూ మళ్లీ చేయించమంటే ఎట్టా మేడమ్?" అన్నాడు అక్కడి అధికారి. "పరీక్ష పెట్టేటప్పుడు ఆ ఒక్క పిల్లని వదిలేస్తున్నారాండీ?" అన్నారు ఈవిడ. ఆయన టీ తెప్పించాడు. టీ తప్ప ఇంకేమీ రాలేదు.

రిటైరైనా ఆవిడ మానలేదు. ఇప్పుడు అదే బళ్లో ఎనిమిదో తరగతిలో నాలాంటి పిల్లే ఒకతి ఉంది. దానికీ అన్ని పాఠాలూ ఆవిడే పంపేవారు. ఇక దాని ఫోన్‌కి పాఠాలు రావు. ఇది తల్చుకుంటే ఏడుపు కన్నా కోపమే ముందొస్తోంది.

బళ్లో సంతాప సభ పెట్టారు. నేనూ, ఆ పిల్లా ముందు వరసలో కూర్చున్నాం. డిజిటల్ గదికి ఆవిడ పేరు పెడుతున్నామని హెడ్మాస్టరు గారు చెప్పారు. నేను ఆగలేకపోయాను. లేచి మైకు అడిగి తీసుకున్నాను.

"సార్, ఆ గదిలో ఈ పిల్లకి వినపడే పాఠం ఒక్కటి చెప్పండి."

"చూద్దాంలేమ్మా. ఇవాళ అది మాట్లాడే సందర్భం కాదు."

"ఆవిడ సభలో కాకపోతే ఇంకెక్కడ మాట్లాడాలండీ? పోనీ, ఆ ఫ్లెక్సీలో మా టీచర్ ఎట్టా ఉన్నారో చెప్పండి. అందరూ దండం పెట్టుకున్నారు. మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు."

సారు గొంతు సవరించుకున్నారు. "కళ్లజోడు పెట్టుకున్నారు... ఆకుపచ్చ చీర... కొంచెం నవ్వుతున్నారమ్మా."

నా పక్కన పిల్ల వెంటనే అడిగింది. "వాచీ ఏ చేతికి పెట్టుకున్నారు సార్?"

కుర్చీ జరిగింది. సారు ఫ్లెక్సీ దాకా నడిచి వెళ్లిన చెప్పుల చప్పుడు వినపడింది. "ఎడమ చేతికమ్మా" అన్నారు అక్కడి నుంచే.

"సరే సార్. మరి రేపటి సైన్సు పాఠంలో బొమ్మ ఎవరు చెప్తారు?" అంది పిల్ల.

గాలికి ఫ్లెక్సీ టపటపా కొట్టుకుంటోంది. మా ఇద్దరికీ అదొక్కటే వినపడుతోంది.