టీవీలో భాగ్య పేరు

పోయిన ఆదివారం హిందూపురంలో బస్సు దిగి, మార్కెట్ వెనక సందులోకి తిరిగానో లేదో, పట్టుగూళ్లు ఉడికే వాసన ముక్కుకు తగిలింది. తడి కట్టెల పొగ, మరిగిన నీళ్లు, ఆ నీళ్లలో ఉడికిన పురుగు, ఎండకు ఆరేసిన పచ్చి పట్టు, అన్నీ కలిసిన వాసన అది. అలవాటు లేనివాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతారు. నేను మాత్రం సందు మొదట్లోనే నిలబడిపోయి, వెనక ఎవరో స్కూటరు హారన్ కొడుతున్నా కదలకుండా, గుండె నిండా పీల్చుకున్నాను. ఈ సందులోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. దూరమని రాకపోవడం కాదు. నేనుండేది పెనుకొండలో, సోమందేపల్లి మీదుగా బస్సెక్కితే గంటలోపు దిగుతాను. రాకపోవడానికి కారణం భాగ్య.

ఈ సందు చివర మా నాయనకు పుస్తకాల అంగడి ఉండేది. అంగడి వెనకే ఇల్లు. జూన్‌లో కొత్త నోటుపుస్తకాల కట్టలు దిగితే వారం రోజులు మా అన్నంలో కూడా కాగితం వాసన వచ్చేది. వానలు వెనకబట్టాక పచ్చి చెనక్కాయలు గోతాలతో ఊళ్లోకి వచ్చేవి. మా అవ్వ వాటిని పెద్ద గుండిగలో ఉప్పేసి ఉడకబెట్టి, చేటలో పోసి గుమ్మంలో పెడితే, అంగడికి పెన్ను కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఒక గుప్పెడు తీసుకుని, తొక్కలు అక్కడే పోసి, పెన్ను సంగతి మరిచిపోయి పోయేవాళ్లు. గౌరమ్మ పండగ వచ్చిందంటే ఒబ్బట్లు. అవ్వ మడకశిర వైపు మనిషి, సగం కన్నడం, సగం తెలుగు; ఒబ్బట్టు పలచగా రాకపోతే కన్నడంలో తిట్టుకునేది, బాగా వస్తే తెలుగులో మెచ్చుకునేది. మా అమ్మకు ఆమె మెప్పు కన్నా తిట్లే ఎక్కువ అర్థమయ్యేవి.

అవ్వకు నశ్యం ఒక వ్యసనం, టీవీ ఇంకొకటి. ఆ రోజుల్లో మా ఊరికి సొంతంగా ఒక కేబుల్ ఛానల్ ఉండేది. పొద్దస్తమానం సినిమా పాటలు వేసేవాళ్లు. తెర కింద ఎర్రపట్టీ మీద తెల్లటి అక్షరాలు కుడి నుంచి ఎడమకు పోతూ ఉండేవి. ఫలానా వీధిలో మేక తప్పిపోయింది, ఫలానా వారి పాపకు పుట్టెంట్రుకలు, బట్టల అంగట్లో తగ్గింపు ధరలు, ఫలానా చిరంజీవికి జన్మదిన శుభాకాంక్షలు. అవ్వకు చదువు రాదు. పాటలు ఆమెకు పట్టవు, పట్టీయే కావాలి. "ఏముండాది, సదువే" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. ఒకసారి ఎవరిదో మేక తప్పిపోయిందంటే, అది దొరికిందని పట్టీలో వచ్చేదాకా, మూడు రోజులు ఆమెకు మనసు మనసులో లేదు. ఎవరైనా పట్టీ వేయించుకోవాలంటే చీటీ మీద రాసి మా అంగట్లో ఉన్న బిస్కెట్ల రేకుడబ్బాలో వేసి పోయేవాళ్లు. కేబుల్ ఆఫీసు మనిషి సాయంత్రం వచ్చి డబ్బా బోర్లించుకుని పోయేవాడు. చీటీలో ఏముంటే అది తెర మీద కనబడేది. ఆపి చదివేవాళ్లు ఎవరూ లేరు.

భాగ్య వాళ్లమ్మ నంజమ్మ ఈ సందులోనే గూళ్లు ఉడికించి పట్టు తీసే షెడ్డులో పని చేసేది. తెల్లటి గూళ్లను మరిగే నీళ్లలో వేసి, కంటికి కనబడని పోగును వేలితో పట్టుకుని చరకాకు ఎక్కిస్తుంటే, ఆమె వేళ్లు ఎప్పుడు చూసినా నాని, తెల్లబడి, ముడతలు పడి ఉండేవి. బడి వదిలాక భాగ్య, నేను ఆ షెడ్డు అరుగు మీదే చేరేవాళ్లం. బెజ్జం పడి పనికిరాని గూళ్లు మావి. మా అంగట్లోని సిరా తెచ్చి వాటికి రంగులద్ది, దారానికి గుచ్చి మెడలో వేసుకుని, అచ్చనగండ్లు ఆడేవాళ్లం. ఆ ఆటలో భాగ్యను గెలవడం నావల్ల ఒక్కరోజు కూడా కాలేదు. గాలిలోకి ఎగిరిన చింతగింజ ఆమె చేతిలోకి తనంతట తానే వచ్చి కూర్చునేది. ఓడిపోయి నేను అలిగితే, ఓడిపోయినట్టు నటించడం కూడా వచ్చేది కాదు ఆ పిచ్చిమొద్దుకు.

ఆమె పుట్టినరోజు ఎప్పుడో నాకొక్కదానికే తెలుసు. బడి రిజిస్టరులో మా క్లాసులో సగం మంది జూన్ ఒకటినే పుట్టాం. చేర్పించేటప్పుడు అయ్యవారు తనకు తోచిన తేదీ వేసేవారు. నంజమ్మకు తేదీలతో పనిలేదు. గౌరమ్మను నీళ్లలో కలిపిన మరుసటి రోజు తన బిడ్డ పుట్టింది, అంతే లెక్క. ఆ రోజు మిగిలిన పూర్ణంతో రెండు ఒబ్బట్లు చేసి, ఒకటి భాగ్యకు, ఒకటి నాకు పెట్టేది.

తొమ్మిదో తరగతిలో మా క్లాసులోకి ముగ్గురు కొత్త పిల్లలు వచ్చారు. జడలకు రంగురంగుల రబ్బరు బ్యాండ్లు, సెంటు కొట్టిన చేతిరుమాళ్లు. వాళ్లు ముందు బెంచీలో కూర్చుంటే ఆ బెంచీకే ఒక గొప్ప వచ్చింది. భాగ్య లోపలికి వస్తుంటే ఆ ముగ్గురూ ఒకేసారి చేతిరుమాళ్లు ముక్కుకు పెట్టుకునేవాళ్లు. వారం తిరక్కుండా ఆమె పేరు "పురుగు" అయింది. అటెండెన్సు పిలిచేటప్పుడు "భాగ్య" అనగానే వెనక నుంచి ఎవరో ఆ మాట అనేవాళ్లు, క్లాసంతా కిలకిలా నవ్వేది. ఒకరోజు ఆమె టిఫిను డబ్బాలో ఉడికిన పురుగు ఉంది. భాగ్య మూత పెట్టేసి, ఆ పూట ఏమీ తినలేదు. భాగ్య టీచరుతో చెప్తే, "ఆడపిల్లలన్నాక ఆ మాత్రం ఏడిపించుకోరా" అని నవ్వేసింది. మాకు దానికి వేరే పేరు తెలియదు. ఏడిపించడం, అంతే.

నేను నవ్వలేదు. నవ్వలేదన్నది చాలా ఏళ్లు నాకు నేను ఇచ్చుకున్న మంచిపేరు. అయితే ఒకరోజు ముందు బెంచీ పిల్ల నా దగ్గరికి వంగి, ముక్కు ఎగబీల్చి, "దాని పక్కన కూచుని నీకు కూడా అంటింది" అంది. ఆ రాత్రి బకెట్టుడు నీళ్లు అయిపోయేదాకా సబ్బు రుద్దుకున్నాను. మర్నాడు బెంచీ మారాను. మారితే సరిపోలేదు, నన్ను వాళ్లలో కలుపుకోవాలంటే ఇంకేదో చేసి చూపించాలి. "దాని బర్త్‌డే ఎప్పుడే? టీవీలో వేయిద్దాం" అన్నారు. చెప్పాను. చీటీ కూడా నేనే రాశాను, మా అంగట్లో కాగితం మీద, మా అంగట్లో పెన్నుతోనే. నాయన అన్నానికి లోపలికి పోయినప్పుడు రేకుడబ్బాలో వేశాను.

ఆ ఏడు గౌరమ్మ నిమజ్జనం మరుసటి రోజు ఆదివారం పడింది. పదకొండు గంటలప్పుడు నంజమ్మ తడిచేతులతోనే పరిగెత్తుకుంటూ మా అంగడికి వచ్చింది. "సుజాతమ్మా, రాయే! మా పాప పేరు టీవీలో వస్తాండాదంట! పక్కింటి సిన్నపాప పేరొక్కటి కూడబలుక్కునిందంట!" అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. షెడ్డు యజమాని వసారాలో టీవీ ఉంది. పనివాళ్లంతా చరకాలు ఆపి వచ్చి కూర్చున్నారు. వాళ్లలో చదువు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. నంజమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు సర్దుకుని కూర్చుంది. భాగ్య కొత్త గౌనుతో తెర పక్కన నిలబడి ఉంది.

మేక, తగ్గింపు ధరలు, ఒక పెళ్లిరోజు పోయాక, అది వచ్చింది. "తొమ్మిదో తరగతి పురుగు భాగ్యకు పుట్టినరోజు శుభాకాంక్షలు."

"సదువు పాపా, అందరికీ ఇనబడేట్టు సదువు" అంది నంజమ్మ.

భాగ్య గొంతు సవరించుకుని చదివింది. "చిరంజీవి భాగ్యకు పుట్టినరోజు శుభాకాంక్షలు. ఇట్లు, నీ ప్రాణస్నేహితులు."

వసారాలో వాళ్లంతా చప్పట్లు కొట్టారు. నంజమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. పావుగంటకొకసారి ఆ పట్టీ మళ్లీ వచ్చేది. వచ్చినప్పుడల్లా నంజమ్మ మళ్లీ చదవమనేది, భాగ్య మళ్లీ అవే మాటలు, ఒక్క అక్షరం తేడా లేకుండా చదివేది. నాలుగోసారి నంజమ్మ నా వైపు తిరిగి, "దానికి గొంతు ఎండిపోయింది. ఈసారి నువ్వు సదువమ్మా" అంది. నేను చదివాను. తెర మీద ఉన్నది కాదు, భాగ్య చదివింది. ప్రాణస్నేహితులు అన్న మాటతో సహా. భాగ్య నా వైపు చూడలేదు. తర్వాత లోపలికి పోయి, ఎప్పటిలాగే నా ఒబ్బట్టు ఆకులో పెట్టి తెచ్చి ఇచ్చింది.

సోమవారం ఆమె బడికి రాలేదు. కడుపునొప్పి అన్నారు. ఆ తర్వాత చాలా సోమవారాలు కడుపునొప్పి వచ్చింది. అవ్వ వాము ఇచ్చి పంపింది, నంజమ్మ తాయెత్తు కట్టించింది. దసరా సెలవులు అయ్యాక, భాగ్య ధర్మవరంలో వాళ్ల చిన్నమ్మ ఇంటికి మగ్గం నేర్చుకోవడానికి పోయిందని తెలిసింది. క్లాసులో అచ్చనగండ్లు అంత బాగా ఆడే చేతులు ఇంకెవరికీ లేవు. ముందు బెంచీలో నాకు చోటు దొరికింది. అక్కడ కూర్చుని నేనేం మాట్లాడేదాన్నో, ఏం నవ్వేదాన్నో ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుకుంటున్నానంటే, మా అమ్మాయి మేఘన వల్ల. ఎనిమిదో తరగతి చదువుతోంది. వాళ్ల నాయనకు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పోయిన నెల మేఘన క్లాసు పిల్లలు ఒక పాప ఫొటోకు పందిముక్కు అతికించి ఫోన్లలో తిప్పారట. ఆ వారమే మా వైపు ఉన్న ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు, బడిలో పిల్లలను వేధించడం గురించి చిన్న వీడియో పెట్టారు. నటించింది ఊళ్లో పిల్లలే. చివర ఒక డాక్టరమ్మ కూర్చుని చెప్పింది: పిల్లలు ఊరికే కడుపునొప్పి అంటున్నా, తెచ్చుకున్న డబ్బా తినకుండా తిరిగి తెస్తున్నా, బడి పేరెత్తితే మాట మారుస్తున్నా, కొంచెం కూర్చోబెట్టుకుని అడగండి, అని. ఆమె ఒక్కొక్కటే చెప్తుంటే నాకు వాము వాసన వచ్చింది. ఆనాడు ఆ ఎర్రపట్టీ మీద మేక తప్పిపోయిన సంగతి వచ్చేది కానీ, ఇలాంటి మాట ఒక్కటంటే ఒక్కటి వచ్చి ఉంటే, అవ్వ నాతో చదివించుకుని ఉండేది కదా, నంజమ్మకు చెప్పి ఉండేది కదా అని ఎంత బాధ వేసిందో చెప్పలేను. ఈ ఫోన్లను నేనూ రోజూ తిట్టుకుంటాను. కానీ ఆ వీడియో చూసి మేఘన ఆ ఫొటో సంగతి టీచరుకు చెప్పింది. ఆ పాప పక్కన కూర్చుంటోందట. చెప్పడం అయ్యాక నన్ను అడిగింది: "అమ్మా, నువ్వు సిన్నప్పుడు ఎవరినన్నా ఇట్ల ఏడిపించినావా?"

"లేదు" అన్నాను. అన్నాక నాలుగు రోజులు అన్నం సహించలేదు. అందుకే వచ్చాను.

ఇరవై ఏళ్ల కిందటే నాయన అమ్మేసిన మా అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు. రేకుడబ్బా, అవ్వ, ఆ కేబుల్ ఛానల్, అన్నీ ఒకటి వెనక ఒకటి పోయాయి. షెడ్లలో రెండో మూడో మిగిలాయి, చరకాల బదులు యంత్రాలు. నంజమ్మ మాత్రం అదే అరుగు మీద కూర్చుని, చేటలో గూళ్లు ఏరుతోంది. బెజ్జం పడ్డవి ఒక పక్కకు తోసేస్తోంది, వాటి కోసం ఎదురుచూసే పిల్లలు ఎవరూ లేరు. నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"అంగడి సుజాతమ్మవా! ఎట్లుండావు పాపా?" అని నా చెంపలు నిమిరి, పక్కనున్నామెతో అంది: "ఈ పాపోళ్లే సూడు, మా భాగ్య పేరు టీవీలో ఏపిచ్చినోళ్లు. ఎవురికి ఏస్తారమ్మా అట్లా? నా బిడ్డకు ఏసినారు. ఇప్పటికీ నా కండ్లల్లోనే ఉండాది." నేను నోరు తెరిచేలోపే ఫోను తీసి భాగ్యకు కలిపి, నా చేతిలో పెట్టింది.

అవతల మగ్గం చప్పుడు. నా పేరు చెప్పగానే ఆ చప్పుడు ఆగింది.

"భాగ్యా, ఆ చీటీ..."

"తెలుసు" అంది. "ఆ పొద్దే తెలుసు. నేను పుట్టిన దినం నీకు తప్ప ఇంగెవురికి తెలుసు?" తర్వాత మెల్లగా అడిగింది: "మాయమ్మ పక్కనే ఉండాదా?"

"ఉండాది."

"అయితే ఏమీ చెప్పొద్దు సుజాతా. ఆయమ్మకు ఆ పొద్దంటే శానా ఇష్టం."

మగ్గం మళ్లీ మొదలైంది. ధర్మవరానికి ఎప్పుడు రమ్మంటావని అడిగాను. వినబడిందో లేదో, ఫోను పెట్టేసింది. నంజమ్మ ఫోను అందుకుంటూ, "ఏమంటాండాది మా పాప?" అంది. "నిన్ను ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమంటోంది" అన్నాను.

పెనుకొండలో ఇల్లు చేరేసరికి సాయంత్రం అయింది. మేఘన తలుపు తీసి, నా కొంగు దగ్గర ఒకసారి పీల్చి, "థూ, ఏందమ్మా ఈ వాసన?" అంటూ చేత్తో ముక్కు మూసుకోబోయింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇది భాగ్య వాళ్లింటి వాసన" అన్నాను. "కూచో. మొన్న నువ్వు అడిగినదానికి నేను అబద్ధం చెప్పినా."