శాంపిల్‌కు మేకప్ వద్దు

మా నాచారం ఫ్యాక్టరీలో తయారయ్యేది బట్టల రంగుల్లోకి వెళ్లే ఒక పొడి. లేత పసుపు రంగులో ఉంటుంది. ఎమ్మెస్సీ చదివి దాని గురించి నేను చెప్పగలిగిన గొప్ప విషయం ఒక్కటే: అంటుకుంటే చొక్కాను వదలదు.

దాన్ని ఎక్కువగా కొనేది యూరప్‌లోని ఒక కంపెనీ. ఏడాదికి టన్ను దాటి వచ్చే రసాయనాన్ని అక్కడ రిజిస్టర్ చేయించాలి, అందులో ఏముందో పరీక్ష చేసి చూపించాలి. లేకపోతే ఆర్డర్ లేదు. ఆర్డర్ పోతే ఈ పొడి తయారుచేసే మా రెండో రియాక్టర్ ఆగుతుంది, దాని మీద పనిచేసేవాళ్లు ఇంటికెళ్తారు. ఈ పని నాకు అప్పగిస్తూ మా ఓనర్ "కంపెనీ భవిష్యత్తు నీ చేతుల్లో ఉందయ్యా" అన్నారు. నా చేతుల్లో అప్పుడు సమోసా ఉంది.

రెండో రియాక్టర్ చూసుకునే అన్నను శాంపిల్ అడిగాను. మర్నాడు ఒక సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపల పొడి బియ్యప్పిండిలా తెల్లగా ఉంది.

"ఇదేందన్నా?"

"మన మాలే. సాల్వెంట్‌తోని మల్ల మల్ల కడిగిన. ఫారినోళ్ల ముంగట ఇజ్జత్ పోవద్దు గదా."

ఓనర్ వచ్చి సీసాను వెలుతురుకు పెట్టి చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి. సాల్వెంట్ వాసన ఇంకా పోలేదు.

"ఇది పంపలేం సార్" అన్నాను. "కాయితంల తెల్లది, డ్రమ్ముల పసుపుది ఉంటే, రిజిస్టర్ చేసిందొకటి, అమ్మేదొకటి అంటరు. రోజూ తీసే మాలే చూపియ్యాలె."

అన్న ముఖం మాడ్చుకున్నాడు. "గంత కష్టపడి కడిగితే గిట్లంటవేంది?"

"బోనాలకు ఉప్పల్‌ల నీ ఫ్లెక్సీ పెట్టిన్రు గదా. అండ్ల నువ్వు ఏ రంగున్నవు?"

"ఫొటో ఆయన జర తెలుపు జేసిండు."

"మీ ఇంట్లోళ్లే గుర్తుపట్టలే. ఆ ఫొటో ఆధార్‌కు ఇస్తే తీసుకుంటరా?"

"ఆధార్ ఫొటోల నేను దొంగ లెక్క ఉంట."

"అయినా అది నువ్వే గదా. నాకు గదే కావాలె."

"ఆ పసుపేంటని వాళ్లడిగితే?" అన్నారు ఓనర్.

"కనుక్కొని చెప్తం సార్. ఇది మా మాలే అని రాసిచ్చేది నేను. తెల్లదానికి రాసియ్యను."

"నీ ఇష్టం" అని ఆయన వెళ్లిపోయారు. ఊడితే నీ ఉద్యోగమే అని దానర్థం. నేను అనుమతి కింద తీసుకున్నాను.

పంపడానికి సిద్ధంగా ఉన్న డ్రమ్ములోంచి పసుపు పొడి తీసి చర్లపల్లిలోని ల్యాబ్‌కు పట్టుకెళ్లాను. యూరప్‌లో మా తరఫున రిజిస్టర్ చేయించే ప్రతినిధి ల్యాబ్ రిపోర్టు చూసి, ఓనర్ భయపడినట్టే, ఆ రంగు దేనిదని అడిగాడు. పాత బ్యాచ్‌లు కూడా పరీక్ష చేయించి, వేడి పెరిగినప్పుడు పుట్టే ఒక మలినమని తేల్చి, దాని పేరూ పాళ్లూ రాసి పంపాం. మళ్లీ ఏదో అడిగాడు. మళ్లీ పంపాం. అడిగే ఓపిక ఆయనకు ఉన్నంతకాలం చెప్పే ఓపిక నాకు ఉండాలని తీర్మానించుకున్నాను.

చివరికి రిజిస్ట్రేషన్ నంబర్ వచ్చింది. ఓనర్ ఆ మెయిల్‌కు ఫ్రేమ్ కట్టించి, దండ వేయబోయారు.

"వద్దు సార్, పోయినోళ్ల ఫొటో లెక్కుంటది" అన్నాను.

"పసుపు గురించి ఏమన్నరు?" మెల్లగా అడిగాడు అన్న.

"ఏమనలే. పేరడిగిన్రు, చెప్పినం."

అన్న తలాడించి, చేతులకు గ్లౌజులు తొడుక్కుంటూ రెండో రియాక్టర్ వైపు నడిచాడు. బ్యాచ్ ఎక్కించాలి.