కడుపునొప్పి నా మెడకు చుట్టుకున్న రోజు

మా ఆయనకు కడుపులో నొప్పి మొదలైన పొద్దున నేను మొదట అనుమానించింది ఆయన్నే. ముందురోజు ఫోరస్ రోడ్‌లో దోస్తులతో తిరిగి వచ్చాడు. తాగి ఉంటాడు, లేదా బండి మీద ఏదో చెత్త తిని ఉంటాడు అనుకున్నాను. బొడ్డు చుట్టూ మెలిపెడుతోందని మూలిగితే వాము నమలమని ఇచ్చి, నోరు మూసుకుని పడుకోమన్నాను. జాలిపడే గుణం నాకు కాస్త తక్కువే.

మధ్యాహ్నానికి రెండుసార్లు వాంతి అయింది. అప్పుడు మా అత్తమ్మ అనుమానం నా మీదికి మళ్లింది. గోడకు గోడ ఆనించి వరసగా గదులుండే చాల్‌లో మాది ఒకటే గది. గొంతు తగ్గించి మాట్లాడినా గోడ అవతలికి వినబడుతుంది. ఆమె తగ్గించనూ లేదు.

"పెట్టుడుమందు పెట్టింది. కొడుకును చెప్పుచేతల్ల పెట్టుకోనీకి అన్నంల గలిపింది. మనూరు పాలమూరుల పసరు పోసి కక్కిస్తరు. రేపు పొద్దుగూకినంక దాదర్ల బస్సు ఎక్కిద్దాం," అంది.

నాకు ఒళ్లు మండింది. ఒకే కుక్కర్‌లో అన్నం ముగ్గురం తిన్నామని చెప్పాను. ఆ సాయంత్రం నుంచి ఆమె నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

అప్పట్లో నేను ఒక డిస్పెన్సరీలో పేషెంట్ల పేర్లు రాసే పని చేసేదాన్ని. తెర అవతల డాక్టర్ అడిగే ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు. గ్యాస్ అయితే ఒకచోట నిలవదు, తేన్పు వస్తే తేలికవుతుంది. కిడ్నీలో రాయి అయితే నడుము నుంచి కిందికి లాగుతుంది, మనిషి కుదురుగా పడుకోలేడు. మర్నాడు మా ఆయన కాళ్లు ముడుచుకుని కదలకుండా పడుకున్నాడు. నొప్పి బొడ్డు వదిలి కుడివైపు కిందికి దిగింది. దగ్గితే అక్కడే పట్టుకుంటున్నాడు. ఒళ్లు కాలుతోంది.

దవాఖానకు పోదామంటే, "ఎందుకే, పసరు పోస్తే నీ మందు బయటపడతదని భయమా?" అంది అత్తమ్మ. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు. ఎవరి మాట నమ్ముతున్నాడో తెలియలేదు.

మధ్యాహ్నం నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. పొద్దున తను తీసిన దిష్టి పనిచేసిందని అత్తమ్మ సంబరపడింది. నేను పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే బిగుసుకుని ఉంది, ఒళ్లు ఇంకా కాలుతోంది. జ్వరం పెరుగుతూ, పొట్ట చెక్కలా గట్టిపడి, నొప్పి మాత్రం తగ్గితే లోపల పగిలి ఉండొచ్చని, ఒక్క నిమిషం ఆగొద్దని డాక్టర్ ఎవరితోనో అనడం విన్నాను.

"సరే అత్తమ్మా, పాలమూరికే పోదాం. ఫోన్ల సీట్లు బుక్ చేసిన, మూడింటికే బస్సు," అన్నాను.

ఫాక్‌లాండ్ రోడ్ మీద టాక్సీ ఆపి డ్రైవర్ చెవిలో అసలు చోటు చెప్పాను. టాక్సీ పెద్దాసుపత్రి గేట్లోకి తిరిగేదాకా ఆమెకు అర్థం కాలేదు.

"మోసం జేసినవే," అంది.

"అవ్, చేసిన," అన్నాను.

అపెండిక్స్ పగిలిపోయింది. ఆ రోజే ఆపరేషన్ చేశారు. బస్సు ఎక్కించి ఉంటే ఊరు చేరేవాడు కాదని సర్జన్ అత్తమ్మతోనే అన్నాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. గెలిచానని గర్వపడ్డాను, దాచుకోను.

కొన్నాళ్లకు ఆయనకు జావ పట్టవచ్చన్నారు. ఇంట్లో పలచగా కాచి తీసుకెళ్లాను. చెంచా పెదవుల దగ్గర పెడితే నోరు తెరవలేదు.

"ముందుగాల నువ్వు తాగు," అన్నాడు.

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. తాగాను. మింగేదాకా ఆయన నా గొంతు వైపే చూశాడు.