కోడలు కూర్చునే బండికి టైర్లు

మా మామ చెడ్డవాడు కాదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, లేకపోతే నేను చెప్పేదంతా విని మా మనవరాళ్లు ఆయన్ని దుమ్మెత్తి పోస్తారు. చెడ్డవాడైతే నాకు బాగుండేది. నోరు విప్పి కొట్లాడేదాన్ని. నా కాలికి ముల్లు గుచ్చుకుంటే పంటితో తీసే మనిషి ఆయన. అలాంటివాడితో ఏమని కొట్లాడతారు?

లాల్‌దర్వాజాలో మాది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టం, ముందు సందు. అత్త నా పెళ్లికి ముందే పోయింది. ఇంట్లో ఉండేది మామ, నా పెనిమిటి, నేను. బర్రెల మేతకని మామ మా పుట్టింటి ఊరి పక్కన గడ్డి పొలం కౌలుకు తీసుకున్నాడు. అట్లా తిరుగుతూనే మా నాన్నతో పరిచయమై నన్ను కోడలిగా తెచ్చుకున్నాడు. ఆ గడ్డి తేవడానికి ఒక మోటారు ఉండేది. ఎవరో పెద్దింటివాళ్లు వాడి వదిలేసిన కారు అది. వెనక సీట్లు పీకి, పైకప్పు కోసి, చెక్క తొట్టి బిగించారు. ఒక తలుపు తాడుతో కట్టుకోవాలి. అయినా సరే, మా సందులో మోటారున్న ఇల్లు మాదొక్కటే. దసరాకు దానికి దండ వేసి, మామ సందు చివరిదాకా వెళ్లి దూరం నుంచి చూసి మురిసిపోతూ వచ్చేవాడు.

నాకు అయిదో నెల నడుస్తుండగా దాని వెనక టైర్లు రెండూ పోయాయి. ఒకటి పొలం దగ్గర పగిలింది. రెండోదాంట్లోంచి గుడ్డ దారాలు బయటపడ్డాయి. అవి లడాయి రోజులు, ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోంది. రబ్బరంతా ఫౌజుకే పోతోందనీ, కొత్త టైరుకు పర్మిట్టు కావాలనీ, పాలవాళ్లకు పర్మిట్టు ఎవడిస్తాడనీ అనుకునేవాళ్లు. బండిని ఇటుకల మీద ఎత్తి మా గోడ పక్కన నిలబెట్టారు. గడ్డి కిరాయి ఎడ్లబండి మీద రావడం మొదలైంది.

తొలి కాన్పు పుట్టింట్లో కావాలి. దానికి ఏడో నెలలో తీసుకుపోవాలి. ఎనిమిది పడితే పొలిమేర దాటనివ్వరు, తొమ్మిదిలో కదిలించడానికి ఎవరికీ గుండె చాలదు. మాది ఆడదిక్కు లేని ఇల్లు. నొప్పులొస్తే నా చెయ్యి పట్టుకునేదెవరు? పాలు పిండుతున్నా, పిడకలు కొడుతున్నా నాకదే ఫికర్. అమ్మ దగ్గరికి పోవాలి, అంతే.

ఏడు పడగానే నాన్న బండి కట్టుకుని వచ్చాడు. గూడు బండి, లోపల గడ్డి పరిచి దాని మీద మెత్తటి పరుపు. నేను అప్పటికే మూట కట్టి తలుపు దగ్గర పెట్టుకున్నాను. మామ నాన్నను అరుగు మీద కూర్చోబెట్టాడు. నాన్న మంచినీళ్లు కూడా ముట్టలేదు. మావాళ్లలో కూతురికి బిడ్డ పుట్టేదాకా తల్లిదండ్రులు ఆమె అత్తింట్లో ఏదీ ముట్టరు. అది తెలిసిందే కాబట్టి మామ బలవంతం చెయ్యలేదు. బండి వంక చూసి మాత్రం నవ్వాడు.

"ఇంట్ల మోటారు పెట్టుకొని కోడల్ని ఎడ్లబండి మీద తోలిస్తే నలుగురు నా మొఖం మీద ఉమ్మరా బావా? టైర్లు చూస్తున్న. జర ఆగు, మీ వాకిట్ల నేనే దింపుత."

నాన్న మురిసిపోయాడు. కూతురు మోటారులో దిగుతుంది, ఊరంతా చూస్తుంది! నీ ఇష్టం బావా అని, పరుపు నాకు వదిలేసి, ఉత్త బండి తోలుకుని పోయాడు. నేను తలుపు వెనక మూట పట్టుకుని నిలబడే ఉన్నాను. ఇద్దరిలో ఒక్కరూ నన్ను అడగలేదు.

అప్పుడు మొదలైంది టైర్ల ఎంపిక. కొడుక్కి పిల్లను చూడటానికి కూడా మా మామ అంత సతాయించలేదట. అఫ్జల్‌గంజ్‌లో పాత మోటారు సామాన్లమ్మే భాయ్ ఒకాయన టైర్లను సందులో దొర్లించుకుంటూ తెచ్చి మా అరుగుకు ఆనించేవాడు. మామ గొంతుక్కూర్చుని వాటిని గోటితో నొక్కేవాడు, పక్కలు వంచి పగుళ్లు వెతికేవాడు, లోపల చెయ్యి పెట్టి తడిమేవాడు, వాసన చూసేవాడు. కొరకడం ఒక్కటే తక్కువ. బర్రెను కొనేటప్పుడు పళ్లు చూస్తారు. టైరుకు పళ్లుంటే అవీ లెక్కపెట్టేవాడే. ఒక జత ఎండకు బిరుసెక్కిందన్నాడు. ఇంకో జతలో ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి, బండి కుంటుతుందన్నాడు. ప్రతిసారీ చివరికి ఒకటే మాట, కడుపుతోని ఉన్న పిల్ల కూసుంటది భాయ్, నడి తొవ్వల పగిలితే ఎవనికి చెప్పుకోవాలె అని. ఆ మాటతో భాయ్ టైర్లను మళ్లీ సందులోకి దొర్లించుకుని పోయేవాడు.

గడ్డి తేవడానికైతే వాటిలో ఏ జతైనా సరిపోయేది. గడ్డికి కడుపు లేదు కదా. నా కడుపే నాకు అడ్డమైంది.

నా పెనిమిటితో చెప్పాను. ఆయన బండి తోలడంలో పులి, తండ్రి ముందు పిల్లి. బాపు చూస్తుండు గదా, జర ఆగు అన్నాడు. జర ఆగు, జర ఆగు. నెలలు ఆగుతాయా? గడ్డి బండివాడితో నాన్నకు కబురు పంపాను, మళ్లీ బండి కట్టుకుని రమ్మని. మోటారొస్తుంటే బండెందుకు, పిచ్చిపిల్ల అని నాన్న నవ్వాడట. రోజూ పొద్దున్నే మా ఊరి గడ్డి మా గుమ్మంలో దిగేది. ఖాళీ బండి తిరిగి మా ఊరికే పోయేది. దాని మీద ఎవరైనా ఎక్కి పోవచ్చు, నేను తప్ప.

ఏడో నెల చివరికొచ్చింది. భాయ్ ఇంకో జత తెచ్చాడు. అరిగిన టైర్ల మీద కొత్త రబ్బరు ఎక్కించినవి. లడాయి రోజుల్లో ఇంతకన్నా అచ్ఛా మాల్ దొరకదన్నాడు. మామ అతుకు వెంట వేలు పోనిచ్చాడు, మళ్లీ వెనక్కి తెచ్చాడు. ఆయన మొఖం చూడగానే నాకు తెలిసిపోయింది. తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను. పరాయి మగవాడి ఎదుట మామతో మాట్లాడటం నాకదే మొదలు.

"మామా, గియి చాలు. గీటి మీదనే పోత. నన్ను పంపుండ్రి."

మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. భాయ్ వైపు తిరిగాడు.

"చూసినవా భాయ్ నా కోడల్ని? మామకు ఖర్చెందుకని పానం మీదికి తెచ్చుకుంటున్నది. గిసొంటి పిల్లను అతుకుల టైర్ల మీద కూసోబెడ్తనా?"

భాయ్ నన్ను మనసారా దీవించి టైర్లు మళ్లించుకున్నాడు. నేను లోపలికి వెళ్లి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. బాధతో కాదు, ఒళ్లు మండి ఏడ్చాను. నేను పోతానని అంత స్పష్టంగా అంటే, నేను మంచిదాన్నని ఆయనకు వినపడింది. ఇక ఏ నోటితో చెప్పాలి?

ఎనిమిది పడింది. మూట విప్పి చీరలు దండెం మీద వేశాను. అప్పుడొచ్చాయి టైర్లు. ఎవరో పెద్దింటివాళ్ల దేవిడీలో కారు కోసం తెచ్చి వాడకుండా దాచినవి, నిక్షేపంలాంటివి. పాలిచ్చే బర్రెను అమ్మి కొన్నాడు మామ. కొబ్బరికాయ కొట్టి, నన్ను పిలిచి చూపించి, రేపే ప్రయాణం బిడ్డా అన్నాడు. పక్కింటి ముసలమ్మ గోడ మీది నుంచి నెల సంగతి చెప్పింది. ఆడవాళ్ల లెక్కలు ఆయనకు చెప్పేవాళ్లెవరు? తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. చూస్తే జాలేసింది. జాలిపడాల్సి వచ్చినందుకు నామీద నాకే మండింది.

మర్నాడు గడ్డికి పోయే మోటారులో అమ్మను తీసుకురమ్మని నా పెనిమిటికి చెప్పాడు. అమ్మ వచ్చింది. నెత్తి మీద కొంగు కప్పుకుని, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి మోటారెక్కి. నేనే తలుపు తాడు విప్పి దించాను. లోపల కూర్చోబెట్టి నా తలకు నూనె రాసింది, పొట్ట తడిమింది, పిల్ల కిందికి జారిందేమోనని చూసింది. ఉండిపో అమ్మా అన్నాను. ముట్టని ఇంట్లో ఎట్లా ఉంటానంది. అయితే నన్ను తీసుకుపో అన్నాను. ఎనిమిది పడ్డదిగద బిడ్డా అంది. అమ్మ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చేతికందే దూరంలో నీళ్ల కడవ ఉంది. కొంగుతో పెదాలు తుడుచుకుంది గానీ దాని వంక చూడలేదు.

బయట గడ్డి దింపడం అయిపోయింది. పొలంలో కోసిన గడ్డి ఇంకా ఉంది, టైర్లు మంచివి కాబట్టి ఎండెక్కకముందే ఇంకోసారి పోయి రావచ్చని మామ అన్నాడు. దాంట్లోనే అమ్మను దింపుతారు. అమ్మ లేచింది. ఆమె బండెక్కాక మామ ఆశగా అడిగాడు, ప్రయాణం ఎట్లున్నదని.

"మస్తున్నది అన్నా. తొవ్వంత ఒక్క కుదుపు లేదు. నెలలు నిండినది కూసున్నా ఏం గాదు."

అమ్మ మామూలుగానే అంది. మామ నవ్వు అక్కడే ఆగిపోయింది. బండి కదిలింది, సందు మలుపు తిరిగింది. ఇద్దరం గడప దగ్గర నిలబడి ఉన్నాం.

"నీ కోసమే తెచ్చిన బిడ్డా," అన్నాడు మామ.

అది నిజం. అబద్ధమైతే ఎనిమిదో నెలైనా, పదో నెలైనా ఆయనతో కొట్లాడి ఆ రోజే ఆ బండెక్కి పోయేదాన్ని.